అట్ట వేయనన్న సాహిరా అక్క

"పిల్ల దడుచుకుంటే? నిద్రలో ఉలిక్కిపడి లేస్తే? ఎనిమిదేళ్ల దానికి దయ్యాల కథలు ఇవ్వొచ్చా అక్కా?"

నేను అడుగుతూనే ఉన్నాను, సాహిరా అక్క పుస్తకం మీద తేదీ ముద్ర వేసి మా అమ్మాయి అబిగయీలు చేతిలో పెట్టింది. ముఖచిత్రం మీద పాడుబడిన బావి, అందులోంచి పైకి లేచిన చెయ్యి.

"దడుచుకునేదానికే గదా తీసుకుంటా ఉండేది," అంది తాపీగా. "భయమెయ్యకపోతే వచ్చి చెప్పు, ఇంకోటి ఇస్తా."

మా ఊరి గ్రంథాలయం తుఫాను షెల్టర్ మేడ మీద ఉంది. తుఫాన్లు లేని రోజుల్లో గది ఊరికే ఎందుకుండాలని ఊరి కమిటీ అక్కడ బీరువాలు పెట్టించింది. చాలాకాలం వాటిలో కానిస్టేబుల్ పరీక్షవీ, డీఎస్సీవీ తప్ప మరో పుస్తకం లేదు. వచ్చేది కూడా ఆ పరీక్షలకు చదివే కుర్రాళ్లే. గది తెరిచి, ఊడ్చి, పుస్తకాలిచ్చే పని సాహిరా అక్కది.

ఆమె తండ్రి దరియావలి పరుపులు కుట్టేవాడు. కూతురు ఇంటర్ చదివేటప్పుడు ఫిజిక్స్ పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదివిందట. పరీక్ష తప్పింది. నవలలే దాన్ని చెడగొట్టాయని చుట్టాలంతా తీర్మానించారు. "లెక్కలు రాక తప్పినాను. నవలలు లేకపోయినా తప్పేదాన్నే," అని ఆమె ఇప్పటికీ ఎవరడిగినా చెబుతుంది. పెళ్లయ్యాక నవలకు న్యూస్‌పేపర్ అట్ట వేసి చదివేది. ఒకరోజు అత్తగారు నాగూర్‌బీ ఆ అట్ట చించి చూసి పుస్తకాన్ని వీధిలోకి గిరాటేసింది. కోడలు వెళ్లి దాన్ని తెచ్చుకుంది. దుమ్ము దులిపి, వాకిట్లోనే కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా మిగతా కథ పూర్తిచేసింది.

ఈ ఏడు ఎండలు ముదరకముందే కమిటీ కొత్త పుస్తకాలు కొనమంది. ఏవి కొనాలో ఎవరూ చెప్పలేదు. మళ్లీ పరీక్షలవే తెస్తుందనుకున్నారు. ఆమె నెల్లూరు వెళ్లి దయ్యాల కథలు, డిటెక్టివ్ నవలలు, ప్రేమకథలు, జోకుల పుస్తకాలు అట్టపెట్టెల్లో వేసుకుని ఆటోలో దిగింది. వాటిని బీరువాలో కూడా పెట్టలేదు. వరండా పొడవునా వలతాడు కట్టి, బొమ్మలు బయటికి కనిపించేలా పుస్తకాలను దాని మీద ఆరేసి క్లిప్పులు పెట్టింది.

రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ముగించుకుని ఆడవాళ్లు ఆ దారినే ఇళ్లకు పోతారు. వాళ్లు తలెత్తి చూశారు. ముందు పెంచలమ్మ మెట్లెక్కింది, ఆమె వెనక మిగతావాళ్లు.

కమిటీ పెద్ద టైటస్ గారికి ఇది నచ్చలేదు. ఆయన హైస్కూలు మాస్టారుగా రిటైరయ్యాడు. ఆ గదిలో చదివినవాళ్లకు ఉద్యోగాలొచ్చాయి, దాన్ని కాలక్షేపానికి అప్పగించేదేమిటన్నది ఆయన బాధ. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. నేను పనిచేసేది రొయ్యపిల్లల్లో జబ్బులు పట్టుకునే ల్యాబ్‌లో. పరీక్ష చేయకుండా దేన్నీ చెరువులోకి వదలనివ్వను.

టైటస్ గారు అందరి ముందూ తీర్పు చెప్పాడు. కథల పుస్తకాలన్నిటికీ బ్రౌన్ షీటు అట్టలు వేయాలి, వెనక నంబరు మాత్రమే రాయాలి, బీరువాలో తాళం వేసి ఉంచాలి. చదువు పుస్తకం ఒకటి తీసుకున్నవాళ్లకే కథల పుస్తకం ఒకటి.

"అట్ట ఎయ్యను సార్," అంది సాహిరా అక్క. "దాచిపెట్టుకుని చదవడం నాతో అయిపోయింది. వీళ్లకు మళ్లా మొదలుపెట్టించబాకండి."

"ఎయ్యకపోతే తాళంచెవి ఇచ్చేసి పో."

ఆమె తాళంచెవిని బల్ల మీద పెట్టి దిగిపోయింది. ఊళ్లో కుట్టుమిషన్లకు కొదవలేదు, జాకెట్లు కుట్టినా ఆమెకు పూట గడుస్తుంది. ఆమె గదిని వదిలి పోయిందన్నదే షెడ్డు ఆడవాళ్లకు మింగుడుపడలేదు.

టైటస్ గారు కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని తనే అట్టలు వేశాడు. మర్నాడు సాయంత్రం పెంచలమ్మ వచ్చి, పడవలో ఎర్రచీర కట్టుకుని నిలబడినామె పుస్తకం కావాలంది. పేరేమిటన్నాడాయన. పేరు ఎవరికి గుర్తుండాది సార్, ఎర్రచీరే గుర్తు అందామె. ఆయన ఒక్కో పుస్తకం తెరిచి, బ్రౌన్ షీటు పక్కకు తీసి, కింద ఏ బొమ్మ ఉందో చూడసాగాడు. ఈలోగా ఇంకొకామె వంతెన మీద రైలు పుస్తకం అడిగింది, మరొకామె గొడ్డలి పుస్తకం. వరస మెట్ల మీదికి పాకింది.

"ఏంది సార్, అన్నిటికీ కాకీ డ్రస్సేసినారు?" అంది పెంచలమ్మ. "ఇయ్యి గూడా కానిస్టేబుల్ పరీక్షకు పోతా ఉండాయా?"

కుర్రాళ్లు పుస్తకాల్లో తలలు దూర్చి నవ్వారు. ఆడవాళ్లు పుస్తకాలు తీసుకోలేదు, ఇళ్లకూ పోలేదు. సాహిరక్క వస్తేనే లేస్తామని మెట్ల మీదే కూర్చున్నారు. చివరికి టైటస్ గారే ఆమెకు కబురు పంపాడు.

ఆమె వచ్చింది కానీ తాళంచెవి ముట్టుకోలేదు.

"ఏసిన చేత్తోనే విప్పండి సార్. నేను విప్పితే రేపు మళ్లా ఏస్తారు."

ఆయన మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ల వైపు చూశాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని మొదటి అట్ట విప్పాడు. విప్పిన పుస్తకాన్ని విప్పినట్టే ఆడవాళ్లు తీసుకుపోయారు. ఒక్క విషయంలో మాత్రం ఆయన పట్టు విడవలేదు: ఉప్పుగాలికి పాడవుతాయి, వరండాలో తాడు ఉండకూడదు. అది నిజమేనని సాహిరా అక్క ఒప్పుకుంది. తాడు విప్పి లోపలికి తెచ్చి, పరీక్షల పుస్తకాల బీరువాకు సరిగ్గా అడ్డంగా కట్టింది.

మా అబిగయీలు దడుచుకున్న మాట నిజం. కొన్నాళ్లు దీపం ఆర్పనివ్వలేదు, ఆ పుస్తకాన్ని మాత్రం తిరిగి ఇవ్వనివ్వలేదు. ఏ కథ చదివినా అందులో ఏం నేర్చుకున్నావని నేను వెంటపడి అడిగేదాన్ని. కొన్నాళ్లకు అది నన్ను చూడగానే పుస్తకం దిండు కింద దాచడం మొదలుపెట్టింది. నాకు దిగులేసి సాహిరా అక్కతో చెప్పుకున్నాను.

"ఏం నేర్చుకున్నావని అడగబాకమ్మా," అంది. "అట్టా అడిగితే అది కూడా అట్టలేసుకునేది నేర్చుకుంటాది. తర్వాత ఏమైందని అడుగు, చాలు."

ఇప్పుడు నేను అదొక్కటే అడుగుతున్నాను.