పసుపు రాసిన కోడికాళ్ళు

1978 జనవరి. మస్కట్‌లో కోళ్ళ దాణా, పశువుల మందులు దిగుమతి చేసుకునే ఒక చిన్న ఆఫీసులో నేను టైపిస్టుగా చేరి ఏడాది కావస్తోంది. అన్నయ్యా వదినలతో ఆ ఊళ్ళోనే వాడి కబీర్ అనే పేటలో ఉండేదాన్ని. పొద్దున ఆఫీసు, సాయంత్రం పుస్తకం, పడుకునే ముందు డైరీ. ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే జవాబు గొంతులోనే ఆగిపోయే మనిషిని. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ డైరీలో ఉన్నదే. అప్పుడు కోపంతో రాశాను. ఏడాది దాటాక తీసి చదివినా కోపం ఏమీ తగ్గలేదు.

ఆ చలికాలంలో ఊళ్ళోని విదేశీయుల క్లబ్బు ఒకటి కోళ్ళ, కుక్కల షో పెట్టింది. దానికి పెద్దా, జడ్జీ కూడా అరవై దాటిన ఒక ఇంగ్లీషాయన. ఇంగ్లండులో వాళ్ళ ఊరి షోకి ఒకప్పుడు ఆయన తండ్రి జడ్జిగా ఉండేవాడట. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అచ్చయిన ఆ షో రూల్ బుక్కుని ఆయన గుడ్డలో చుట్టి ఇంత దూరం తెచ్చుకున్నాడు. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ జరగాలి. మా ఆఫీసు ఆ షోకి దాణా ఊరికే ఇచ్చింది. దాణాతో పాటు నన్నూ ఇచ్చింది. రూల్సు, ఎంట్రీ ఫారాలు, కేటలాగు అన్నీ నేనే టైపు చెయ్యాలి.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. షోలో కోడిని పెట్టే తీగల గూటిని పెన్ అంటారు. దాని మీద నంబరు తప్ప యజమాని పేరుండదు. పేర్లన్నీ కేటలాగులో ఉంటాయి, తీర్పు అయ్యేదాకా దాన్ని జడ్జికి చూపించకూడదు. వైట్ లెగ్‌హార్న్ అనే తెల్లకోళ్ళ జాతి పుంజు అయితే తురాయికి ఐదు మొనలుండాలి, చెవి తమ్మెలు తెల్లగా ఉండాలి, కాళ్ళు పసుపు రంగులో ఉండాలి. లేని రంగు పూసినా, ఈక కత్తిరించినా దాన్ని ఫేకింగ్ అంటారు, అంటే మోసం. మోసం చేస్తే పోటీలోంచి తీసేసి పెన్ మీద ఎర్రగీత కార్డు తగిలిస్తారు. కుక్కలకి వేరే లెక్క. వాటికి పెడిగ్రీ ఉంటుంది, అంటే వంశవృక్షం. తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు అన్నీ కేటలాగులోకి ఎక్కాలి. ఒక అల్సేషియన్ ముత్తాత పేరులో అక్షరం తప్పు పడిందని ఒకావిడ నా చేత పేజీ అంతా మళ్ళీ టైపు చేయించింది.

వైట్ లెగ్‌హార్న్ పుంజుని షోకి పెట్టింది ప్రకాశరావు గారు. హైదరాబాదు మనిషి, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో చీఫ్ ఇంజనీరు. మా అన్నయ్య ఆయన కిందే స్టోర్ కీపరు. పిల్లలుగా ఉన్నప్పుడు బొంబాయి నుంచి విమానంలో తెప్పించిన కోళ్ళవి. వాటిని పెంచింది మాత్రం గంగారాం. నిజామాబాద్ జిల్లావాడు, నలభై దాటినవాడు. తాపీ పనికని వీసా ఇచ్చి తెచ్చి, సైట్‌కి కాకుండా ఆయన విల్లా వెనక కోళ్ళ షెడ్డుకి పంపారు. నెలకోసారి దాణాకి మా కౌంటర్‌కి వచ్చేవాడు.

“దాణ తియ్యున్రి మేడమ్. పటేల్ ఆకలికి ఒర్రుతున్నడు.”

“పటేల్ ఎవరండీ?”

“మా పుంజు. నడక సూస్తె మా ఊరి పటేలే అనుకో. పని జెయ్యడు, అందరి మీద అర్సుడే.”

నేను నవ్వి, “సంచీ తీసుకెళ్ళండి గంగారాం గారూ” అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

“గారంటె నన్నేనా? ఎనుక ఇంకెవలన్న నిలబడ్డరేమో అనుకున్న. ఈ దేశమొచ్చినంక గా మాట ఇనలె బిడ్డా.”

ఆ రోజు నుంచి నేను మేడమ్ కాదు, బిడ్డనే.

డిసెంబరులో ప్రకాశరావు గారు ఎంట్రీ ఫారం నింపడానికి ఆఫీసుకి వచ్చారు. ఆయన ఎంచుకున్న విభాగంలో యజమాని స్వయంగా పెంచిన పక్షుల్నే తీసుకుంటారు. కప్పు పెద్దది కూడా దానికే. అందుకు డిక్లరేషన్ ఇవ్వాలి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చెబుతుంటే నేను టైపు చేశాను: “ఈ పక్షిని నేనే పెంచాను. షోకి నేనే తయారు చేశాను. దీని మీద ఇంకెవరి చెయ్యీ పడలేదు.”

‘ఇంకెవరి చెయ్యీ’ దగ్గర నా వేళ్ళు ఆగాయి.

“ఏమ్మా, స్పెల్లింగ్ రాలేదా?” అన్నారు.

“లేదండీ, వచ్చు” అని పూర్తి చేశాను. ఆయన సంతకం పెట్టారు. కార్బన్ కాపీ ఫైల్లో పెట్టాను. ఈ కథలో మొదటి తప్పు నాది. అబద్ధమని తెలిసి కూడా మార్జిన్లు సరిచూసుకుని అందంగా టైపు చేశాను.

షోకి రెండు వారాలుందనగా గంగారాం మళ్ళీ వచ్చాడు. ఈసారి దాణాకి కాదు.

“బిడ్డా, పటేల్ కాళ్ళకు పొలుసులు లేస్తున్నయి. పురుగు బట్టినట్టుంది. మందుంటె ఇయ్యి జర.”

ఆ మందు అయిపోయింది. కొత్త సరుకు ఓడలో ఉంది, ఎప్పుడొస్తుందో తెలియదు. ఆయన మొహం చూసి నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

“మా అమ్మమ్మ పసుపు కొబ్బరినూనెలో కలిపి రాసేది. రోజూ రాయండి, తగ్గుతుంది.”

“గంతేనా? మా అవ్వ గూడ గదే రాస్తుండె. మందంటె డబ్బల్నే ఉండాలె గావచ్చు అనుకున్న!”

రోజూ రాయమని చెప్పాను. షో రోజు మానేయమని చెప్పలేదు. ఆ రూల్సన్నీ నా చేత్తో టైపు చేసి కూడా చెప్పలేదు. మా ఇళ్ళల్లో పసుపంటే రంగు కాదు. దెబ్బకీ రాస్తాం, గడపకీ రాస్తాం, పెళ్ళికూతురి కాళ్ళకీ రాస్తాం. అది ఎవరికైనా మోసంలా కనిపిస్తుందని నాకు తట్టనే లేదు.

షో శుక్రవారం పొద్దున. క్లబ్బు ఆవరణలో ఒక వైపు కుక్కలు, రేకుల పందిరి కింద కోళ్ళు. కుక్కల్ని గొలుసు పట్టుకుని తిప్పుతున్నవాళ్ళంతా పనివాళ్ళే. ఫొటో దగ్గరికొచ్చేసరికి గొలుసులు యజమానుల చేతుల్లోకి మారేవి. గంగారాం ఉతికిన చొక్కా వేసుకుని, పద్నాలుగో నంబరు పెన్‌కి నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పటేల్ తెల్లగా మెరిసిపోతూ పందిరంతా తనదే అన్నట్టు కూస్తున్నాడు.

జడ్జి పుంజుని బయటికి తీశాడు. రెక్క విప్పి చూశాడు, తురాయి మొనలు లెక్కపెట్టాడు, తల ఊపాడు. చివరికి జేబులోంచి తెల్ల రుమాలు తీసి కాలి మీద రుద్దాడు. రుమాలు పచ్చబడింది. ఆయన మొహంలో అసహ్యం కనిపించింది. పుంజుని పెన్‌లో పడేసి, కార్డు మీద ‘ఫేక్‌డ్’ అని రాసి ఎర్రగీత కొట్టాడు.

అరగంటకి ప్రకాశరావు గారు భార్యతో, ఇద్దరు స్నేహితులతో కప్పు అందుకోవడానికి వచ్చారు. కార్డు చూశారు. స్నేహితుల్లో ఒకాయన దాన్ని పైకి చదివాడు. ఆ క్షణం నుంచి ప్రకాశరావు గారి గొంతు పందిరి దాటి కుక్కల దాకా వినపడింది.

“ఏం పూశావురా దాని కాళ్ళకి? నలుగురిలో నన్ను దొంగని చేశావు కదరా!”

“మందు సార్. పసుపు. కాళ్ళకు పురుగైతే...”

“ఎవడు రాయమన్నాడు? నిన్నెవడు ముట్టుకోమన్నాడు? రేపే ఆఫీసులోంచి నీ పాస్‌పోర్ట్ తీయిస్తా. టికెట్ నీ చేతిలో పెట్టి ఎక్కించేస్తా.”

గంగారాం వచ్చి పద్నాలుగు నెలలే అయింది. ఒప్పందం మధ్యలో వెనక్కి పంపితే మళ్ళీ వీసా దొరకదని ఆయనకి తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు.

“చెప్పు, ఎవడు చెప్పాడు?”

గంగారాం నా వైపు చూశాడు. నేను బల్ల వెనక ఫైళ్ళతో కూర్చుని ఉన్నాను. చూసింది ఒక్క క్షణమే. వెంటనే తల దించుకున్నాడు.

“ఎవ్వలు జెప్పలె సార్. నాకే ఎర్కుండె.”

నా జీవితంలో నాకంత కోపం ఎప్పుడూ రాలేదు. ప్రకాశరావు గారి మీద, ఆ రుమాలు మీద, ఆ పాత పుస్తకం మీద, అన్నిటికంటే ఎక్కువగా కుర్చీలో కదలకుండా కూర్చున్న నా మీద. అన్నయ్య ఉద్యోగం గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు కూడా కోపమొచ్చింది. ఫైల్లోంచి కార్బన్ కాపీ లాగాను. కుక్కల కోసం పెట్టిన నీళ్ళ బకెట్టు, సబ్బుముక్క తీసుకుని జడ్జి దగ్గరికి వెళ్ళాను. తొందరలో సగం నీళ్ళు చీర మీదే పడ్డాయి.

“సర్, అది రంగు కాదు. మా దేశంలో మందు. రాయమని చెప్పింది నేను. దయచేసి కాలు కడిగి చూడండి.”

“రుమాలు చూశావా?” అన్నాడాయన.

“చూశాను సర్. మీరు కాలు చూడండి.”

అలా అన్నది నేనేనా అని నాకే అనిపించింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పుంజుని తీసి, కాలు సబ్బుతో కడిగాడు. కింద రంగు అలాగే ఉంది, పుట్టుకతో వచ్చిన పసుపు. కళ్ళజోడు సర్దుకుని పొలుసుల మధ్య గోరుతో చూశాడు. మానుతున్న పుండ్లు కనిపించాయి.

“వైద్యం బాగానే చేశారు. ఎవరు చేశారు?”

నేను కార్బన్ కాపీ ఆయన చేతిలో పెట్టాను. ఆయన నిదానంగా చదివి, నా చేతికిచ్చేసి, ప్రకాశరావు గారి వైపు తిరిగాడు.

“సర్, ఇంకెవరి చెయ్యీ పడలేదని మీ సంతకం ఉంది. పూసింది మీరేనా?”

కాదంటే డిక్లరేషన్ అబద్ధం, మళ్ళీ ఏ షోలోకీ రానివ్వరు. ఔనంటే గంగారాం మీద అరిచిందంతా అబద్ధం. ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

“అవును. నేనే రాశాను. వైద్యంగా.”

కోడిని పెంచిందీ ఆయనే. ఇప్పుడు పసుపు రాసిందీ ఆయనే. గంగారాం చేసిన పనిలో ఇంకేమైనా మిగిలి ఉంటే అదీ ఆయనే తీసేసుకునేవారు.

“అయితే గంగారాం గారి తప్పేం లేనట్టే కదండీ?” అన్నాను తెలుగులో.

ఆయన పళ్ళు బిగించి, “లేదు” అన్నారు.

జడ్జి ఏమిటని అడిగాడు. “పనివాడి తప్పేమీ లేదని సర్ ఒప్పుకున్నారు” అని ఇంగ్లీషులో చెప్పాను. నలుగురూ విన్నారు. జడ్జి కార్డు మీద ‘ఫేక్‌డ్’ కొట్టేసి ‘బహుమతి లేదు’ అని రాశాడు. కాలి మీద బయటి పదార్థం ఉంటే బహుమతి ఇవ్వకూడదని రూలట. కప్పు ఇంకెవరికో వెళ్ళింది. ఎవరూ గంగారాంతో ఒక్క మాట కూడా అనలేదు.

అన్నయ్య నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాత్రం, “కార్బన్ కాపీ జాగ్రత్తగా దాచావా?” అని అడిగాడు.

గంగారాంని ఇండియాకి పంపలేదు. ఆ వారంలోనే ఊరికి దూరంగా రుస్తాఖ్ దగ్గర సైట్‌కి మార్చారు. రెండు నెలల తర్వాత, కంపెనీ పికప్‌లో సిమెంటుకి వచ్చినప్పుడు మా ఆఫీసు ముందు దిగాడు. చేతులు పగిలి ఉన్నాయి.

“తాపీ పనికే అచ్చిన గద బిడ్డా, తాపీ పనే జేస్తున్న. మంచిగనే ఉంది. గని నువ్వెందుకు మధ్యల దూరినవ్? ఆడిపిల్లవు, మీ అన్న నౌకరి ఉండె.”

“మీరు నా పేరెందుకు చెప్పలేదు?”

“చెప్తె ఏమొస్తది? ఇద్దరం మునుగుదుము.” పికప్ తలుపు మీద చెయ్యేసి అడిగాడు. “పటేల్ ఎట్లున్నడు?”

నాకు తెలుసు. కొత్త మనిషిని పెట్టకుండానే గంగారాంని మార్చేశారు. నీళ్ళు పెట్టేవాళ్ళు లేక కోళ్ళు చచ్చి షెడ్డు సగం ఖాళీ అయింది. పటేల్‌ని ఒక శుక్రవారం భోజనానికి కోశారని అన్నయ్య చెప్పాడు.

“బాగానే అరుస్తున్నాడు” అన్నాను. ఆయన నవ్వుతూ పికప్ ఎక్కాడు. ఆ అబద్ధానికి కూడా ప్రకాశరావు గారి మీదే కోపమొచ్చింది.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది చిన్నదే. ఫారంలో ఏ గడి ఉండాలో నిర్ణయించేవాళ్ళు వేరు, కానీ దాన్ని టైపు చేసేది నేను. ఈ ఏడాది షో ఫారాలు మళ్ళీ నా దగ్గరికే వచ్చాయి. యజమాని పేరు కింద ఎవరినీ అడగకుండా ఒక వరస చేర్చాను: ‘సాకినవారి పేరు’. జడ్జి నమూనా ఫారం మీద సంతకం పెట్టబోతూ అక్కడ ఆగాడు. కలం మూత తీసి కొట్టేయబోయాడు. నా మొహం చూశాడు. ఆ పాత పుస్తకంలో ఈ వరస లేదని మాత్రం అని, సంతకం పెట్టాడు.

మొత్తం పదిహేడు ఫారాలు వచ్చాయి. నాలుగింటిలో ఆ గడి నిండి ఉంది. ఆ నాలుగు పేర్లూ కేటలాగులో, కుక్కల తాతముత్తాతల పేర్లు ఎంత పెద్దగా ఉన్నాయో అంత పెద్దగా పెట్టాను. మిగిలిన పదమూడు చోట్ల గడి ఖాళీగా వదలలేదు. ఒక్కో దాంట్లో టైపు మిషన్‌తో ఒక్కో గీత కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానంటే, ఆ రోజు కార్బన్ తీసి చూస్తే పదమూడు చోట్లా చిల్లులే.