పగలు వెలిగే దీపాలతో నరసాపురం దాకా

రాజమండ్రి నుంచి నరసాపురానికి బస్సులకు కొదవ లేదు. అయినా ఆ డిసెంబరు ఆదివారం నేనూ, మా విజయ పిన్నీ కారులో బయలుదేరాం. నరసాపురంలో పిన్ని స్నేహితురాలి గృహప్రవేశం పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం పిన్నికీ బాబాయికీ మధ్య కుదిరిన ఒప్పందం. పిన్ని లైసెన్సు తీసుకుని ఆరు నెలలైంది. మూడు వారాల కిందట బాబాయి విశాఖపట్నంలో ఒక ఓడ ఇంజనీరు దగ్గర విదేశీ కంపెనీ కారును పాతదే కొని, రాత్రికి రాత్రి నడుపుకుని వచ్చారు. ఆ తరువాత పిన్నికి ఇంటికి రెండు వీధుల అవతల, తను పనిచేసే బ్యాంకు దాకా నడపడానికి మాత్రమే అనుమతి దొరికింది. అంతకు మించి అడిగితే ఆయన డ్రైవరును పెడదామనేవారు.

చివరకు ఒకనాటి భోజనాల దగ్గర ఆయనే అన్నారు: "ఆదివారం నరసాపురం నువ్వే తీసుకెళ్ళు, నువ్వే తీసుకురా. మధ్యలో వచ్చి కారు తీసుకెళ్ళండని నాకు ఫోన్ రాకపోతే తాళాలు నీవే, నేను మళ్ళీ నా స్కూటరెక్కుతాను. వచ్చిందో, సోమవారం నుంచి డ్రైవరు."

నేను అప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. కళాశాల తరఫున వక్తృత్వ పోటీల్లో వాదించడం నాకు అలవాటు. ఒప్పందం న్యాయంగా అమలు కావాలంటే సాక్షి ఉండాలని నేనే ప్రతిపాదించి, ముందు సీటు సంపాదించాను.

ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. వేమగిరి దాటి జాతీయ రహదారి ఎక్కేసరికి పొగమంచు విడిపోయి ఎండ పడింది. కడియపులంక నర్సరీల దగ్గర రోడ్డుకు రెండు వైపులా బంతి మొక్కలు వరసలు తీరి ఉన్నాయి. అక్కడే, వెనుక సీటుకు గులాబీ మొక్కలు కట్టుకుని ఎదురుగా వస్తున్న ఒక మోటారు సైకిలాయన మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. గుప్పిట తెరిచి మూసి, తెరిచి మూసి ఏదో చెప్పి వెళ్ళిపోయాడు.

"నేనేం చేశానే?" అంది పిన్ని.

ఏమీ చేయలేదన్నాను. అంతలో ఆర్టీసీ బస్సు డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అదే గుప్పిట చూపించాడు. తరువాత మోపెడ్ మీద భర్త వెనుక కూర్చున్న ఒకావిడ. ఆ తరువాత సైకిలు మీద పాలక్యాన్లాయన, ఒక చెయ్యి వదిలేసి మరీ. జొన్నాడ వంతెన మీదకు వచ్చేసరికి పిన్ని ముఖం ఎర్రబడింది. హ్యాండ్ బ్రేకు చూసుకుంది. తలుపులు సరిగ్గా పడ్డాయో లేదో నన్ను చూడమంది. చివరకు, "ఆడమనిషి నడుపుతుంటే ఊరంతా వెక్కిరిస్తోంది. మీ బాబాయి చూస్తే పండగ చేసుకుంటారు" అని వేగం తగ్గించింది. ఆమె చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోవడం చూశాను. ఇలా అయితే నరసాపురం చేరకముందే ఆమె ఫోన్ తీస్తుందని నాకు భయం వేసింది.

ఏడున్నరకు రావులపాలెంలో టిఫినుకు ఆగాం. అరటి గెలల లారీల పక్కన జాగా చూసి పిన్ని కారు పెట్టింది. అల్లం పచ్చడి పుల్లగా, ఘాటుగా ఉంది; పెసరట్టు ఉప్మా ఇంకొకటి చెప్పాలనిపించేంత బాగుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న హోటలాయన మాత్రం ఊరుకోలేదు.

"లైటేసుకునొచ్చేశారండీ అమ్మగారూ. పట్టపగలు. బ్యాటరీ డౌనైపోద్దండి."

రహస్యం వీడిపోయింది. దారి పొడుగునా జనం చెప్పింది వెక్కిరింత కాదు, మీ దీపం వెలుగుతోందని. పిన్ని ప్రాణం లేచి వచ్చింది. వెంటనే కారు దగ్గరకు వెళ్ళి స్విచ్చు చూసింది. స్విచ్చు ఆపి ఉన్న చోటనే ఉంది. ఇంజను వేస్తే ముందు దీపాలు తెల్లగా, కళ్ళకు కొట్టేటట్టు వెలుగుతున్నాయి. ఇంజను ఆపితే ఆరిపోతున్నాయి.

"ఆపి ఉన్న దీపం ఎలా వెలుగుతుందండీ?" అని పిన్ని గట్టిగానే అడిగింది. ఆమె ఇంజను వేసి, స్విచ్చును ఒక మెట్టు తిప్పింది. నేను కారు ముందు నిలబడి చూస్తున్నాను.

"ఆరిందా?"

"ఆరింది పిన్నీ!"

ఎండలో నాకు నిజంగా ఆరినట్టే కనిపించింది. ఇద్దరం గెలిచినవాళ్ళలా బయలుదేరాం.

అక్కడి నుంచి దారి ఎంత హాయిగా సాగిందో చెప్పలేను. కొత్తపేట, గన్నవరం, రాజోలు దాటినా ఎవరూ చెయ్యెత్తలేదు. ఎడమవైపు కాలువ, కుడివైపు కొబ్బరితోటలు, తోటల నడుమ పోక చెట్లు, నీళ్ళమీద బాతుల మందలు. పిన్ని పాటందుకుంది. ఎదురుగా లారీ వస్తే పాట ఆపి, దాటగానే ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టేది. తిన్నగా పాలకొల్లు మీదుగా రోడ్డున్నా, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటాలన్నది ఆమె కోరిక. మూడు లారీలను మోసే ఆ పంటు మీదకు కారు ఎక్కించినవాళ్ళను డ్రైవరు కాదనేవారు ఎవరూ ఉండరని ఆమె వాదన. వాదన బలంగా ఉందని నేను ఒప్పుకున్నాను.

పదింటికి ముందే రేవు చేరాం. సముద్రపు పాటు వల్ల నీళ్ళు బాగా వెనక్కి తీశాయి. పంటు అవతలి ఒడ్డున ఆగిపోయింది, పోటెక్కేదాకా కదలదన్నారు. టికెట్టు కారుకు వేరు, మనుషులకు వేరు. అవి తీసుకుని, ఇంజను ఆపి దిగాం. పిన్ని తలుపు తీయగానే కారు కీచుమని మోత పెట్టింది.

"ఈ కారు దేనికైనా అరుస్తుందే. బెల్టు పెట్టుకోకపోయినా అరుస్తుంది" అని తలుపు వేసేసింది. మోత ఆగింది.

సుమారు రెండు గంటలు రేవులోనే గడిచాయి. వేరుశనక్కాయలు తిన్నాం. ఇసుక మీద ఆరబెట్టిన వలలు చూశాం. పన్నెండు కావస్తుండగా పంటు ఇవతలి ఒడ్డుకు వచ్చింది. వరసలో మా ముందు బండ్లు కదిలాయి. పిన్ని తాళం తిప్పింది. కారు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పితే ఆ మూలుగు కూడా లేదు.

వెనుక టెంపో డ్రైవరు హారను మోగించాడు. పక్కనే బుల్లెట్టు మీద కూర్చున్న పెద్దాయన బండి దిగి వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. కొబ్బరికాయల వ్యాపారం చేసే ఆయనను రేవులో అందరూ రాజుగారంటున్నారు.

"బ్యాటరీ పడుకుందమ్మా. పడుకోదా మరి! పొద్దుట రావులపాలెం అవతల మీకెదురొచ్చింది నేనే. లైటు లైటని చెయ్యూపితే మొహం తిప్పేసుకున్నారు."

పిన్ని సిగ్గుపడి, "ఎవరో కుర్రాళ్ళు అల్లరి చేస్తున్నారనుకున్నామండీ" అంది.

"కుర్రాళ్ళా! ఈ మాట మా ఆవిడ విన్లేదు, బతికిపోయాను" అని రాజుగారు పెద్దగా నవ్వారు. చుట్టూ చేరినవాళ్ళూ నవ్వారు.

టెంపో డ్రైవరు వచ్చి, "ఇంట్లో మగోళ్ళకి ఫోన్ కొట్టండి మేడం. బండి పక్కకి తోసేత్తాం, దారివ్వండి" అన్నాడు. పిన్ని చెయ్యి సంచిలోకి వెళ్ళింది, ఫోన్ కోసం. ఒక్క ఫోన్ వెళ్తే ఒప్పందం ముగిసిపోతుంది. పోటీల్లో నాకు నేర్పిన మొదటి సూత్రం, ఎదుటివారి నిర్ణయాన్ని ఒప్పుకునే ముందు వారి ఆధారాన్ని పరీక్షించమని.

"ఒక్క నిమిషం రాజుగారూ. మీరు బుల్లెట్టును పగలంతా లైటు వేసి నడిపితే బ్యాటరీ పడుకుంటుందా?"

"ఇంజను తిరుగుతుంటే ఎందుకు పడుకుంటుందమ్మా? ఛార్జింగెక్కుద్ది కదా."

"మీరు మా దీపాలు చూసినప్పుడు మా ఇంజను తిరుగుతోంది కదండీ?"

ఆయన మీసం సవరించుకున్నారు. "ఏంటమ్మా, లా చదువుతున్నావా?"

"లేదండీ, డిగ్రీ. ఇంజను ఆపితే ఆ దీపాలు వాటంతట అవే ఆరిపోవడం మేమిద్దరం చూశాం. కాబట్టి బ్యాటరీని తిన్నది అవి కాదు. ఇంజను ఆగిన తరువాత కూడా ఏదో వెలుగుతూనే ఉండాలి."

తాళం చెవి పిన్ని చేతిలోనే ఉంది. నేను చున్నీ తీసి ముందు దీపం అద్దం మీద కప్పి, కింద నుంచి తొంగి చూశాను. లోపల ఒక మూల చిన్న బల్బు, కొడిగడుతున్న ప్రమిదలా, పసుపుపచ్చగా మినుకుమంటోంది. వెనక్కి పరుగెత్తి అక్కడా కప్పి చూశాను. ఎర్ర దీపం కూడా అలాగే ఉంది. రాజుగారు వంగి, చున్నీలోకి తల దూర్చి చూసి, "ఆయ్! డిమ్ము లైట్లమ్మా ఇవి" అన్నారు.

అప్పుడు విషయమంతా స్పష్టమైంది. ఆ కారుకు రెండు రకాల చిన్న దీపాలున్నాయి. మొదటివి ఇంజనుతో పాటు వాటంతట అవే వెలుగుతాయి, ఇంజనుతో పాటు ఆరిపోతాయి. పట్టపగలు ఎదుటివారికి కారు దూరం నుంచే కనబడటానికి పెట్టినవి కనుక తెల్లగా, తీక్షణంగా ఉంటాయి. వాటికి మన స్విచ్చుతో పని లేదు. వాటిని డే టైమ్ రన్నింగ్ లైట్లు అంటారని నాకు తరువాత తెలిసింది. రెండోవి సైడ్ లైట్లు. మసక వేళ, లేదా రోడ్డు పక్కన నిలిపినప్పుడు, బండి ఇక్కడుందని ముందూ వెనుకా తెలిపే మందమైన దీపాలు. మనం స్విచ్చు తిప్పితేనే వెలుగుతాయి, మనం ఆర్పితేనే ఆరుతాయి, తాళం తీసేసినా సరే. అవి వెలిగితే ఈ కారులో మొదటివి తప్పుకుంటాయి. రావులపాలెంలో మేము చూసింది ఆ తప్పుకోవడం. రేవులో తలుపు తీయగానే కారు అరిచిందీ వాటి కోసమే; పాతబడిన బ్యాటరీని రెండు గంటల్లో తినేసినవీ అవే.

"అంటే, ఆర్పుతున్నామనుకుని వెలిగించామా!" అంది పిన్ని. తరువాత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఊళ్ళవాళ్ళను మెప్పించడానికి, వెలిగి తీరవలసిన దీపాలను ఆర్పి, ఆరి ఉండవలసినవాటిని వెలిగించి, రెండు గంటలు వేరుశనక్కాయలు తిన్నాం.

"ఇప్పుడు ఫోన్ చేయాలా, వద్దా?" అని నన్నే అడిగింది, సాక్షిని కనుక.

"బాబాయికి ఫోన్ వెళ్తే ఓటమి అన్నారు. నలుగురు తోస్తే ఓటమి అనలేదు" అన్నాను.

పిన్ని ఫోన్ సంచిలో పడేసింది. స్విచ్చు ఆపేసింది. టెంపో డ్రైవరు, "మీరు దిగండి మేడం, నేను ఎక్కి లాగిత్తా" అని ముందుకు వచ్చాడు.

"మీరు తోయండి తమ్ముడూ. నేను నడుపుతాను" అంది పిన్ని. ఆ ఉదయం నుంచి ఆమె గొంతులో అంత నిబ్బరం నేను వినలేదు.

రాజుగారు పంచె ఎగగట్టి, "రండ్రా అందరూ, అమ్మగారు చెప్పారు కదా" అని కేకేశారు. రేవుకు ఎగువన చదునుగా ఉన్న రోడ్డు మీదకు కారును తోసి, వెనక్కి తిప్పి నిలిపారు. మళ్ళీ హైలెస్సా అంటూ అందరం తోశాం. పిన్ని రెండో గేరులో క్లచ్చు వదిలింది. కారు ఒక్క కుదుపు కుదిపి బతికింది. ముందు దీపాలు తెల్లగా వెలిగాయి. ఈసారి ఆర్పమని ఎవరూ అనలేదు. రేవంతా చప్పట్లు కొట్టింది.

పంటు మీదకు వేసిన చెక్కలు రెండు టైర్లకు సరిగ్గా సరిపోయేంత వెడల్పు. పంటు మనిషి వెనక్కి నడుస్తూ, "ఎడమకి కొట్టండి... రానీ రానీ... చాలండి, చాలు!" అంటుంటే పిన్ని కారును గడప దాటించినంత సులువుగా ఎక్కించింది. టెంపో ఎక్కేటప్పుడు చెక్క మీద నుంచి ఒక టైరు జారబోయింది. పిన్ని అద్దంలో అది చూసింది కానీ పెద్దమనసుతో ఏమీ అనలేదు.

నరసాపురంలో భోజనానికి ఆలస్యమైంది. పైగా బ్యాటరీకి కాస్త ఛార్జింగు ఎక్కాలన్న నెపంతో పిన్ని ఊరంతా ఒక అరగంట తిప్పింది. అయినా పంక్తిలో మాకు చోటుంచారు. పనసపొట్టు కూర, పూర్ణాలు, గడ్డపెరుగు. పిన్ని స్నేహితురాలు, "ఎవరు తీసుకొచ్చారే?" అని అడిగినప్పుడల్లా పిన్ని కొత్తగా విన్నట్టే జవాబు చెప్పింది.

నాలుగు గంటలకు తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. తిరుగు ప్రయాణం పాలకొల్లు, మార్టేరు మీదుగా. మార్టేరులో టీకి ఆగేసరికి వెలుగు మందగించింది. పిన్నిని ఇంజను వేసి ఉంచమని, నేను దిగి కారు వెనక్కి నడిచాను. ముందు వైపు దీపాలు ధగధగలాడుతున్నాయి. వెనుక మాత్రం ఒక్క చుక్క వెలుగు లేదు. ధాన్యం బస్తాల ట్రాక్టరు ఒకటి మా వెనుకే వచ్చి ఆగింది.

"ముందు అంత వెలుగుంది కదే, ఇంకా లైట్లెందుకు?" అంది పిన్ని.

"నిన్ను చూడవలసినవాడు వెనుక ఉన్నాడు పిన్నీ. పగటి దీపాలకు వెనుక వైపు లేదు."

ఆమె దిగి వచ్చి స్వయంగా చూసింది. మాట మీద కాక కన్ను మీద నమ్మకం పెట్టుకోవడం నాకు నచ్చింది. తరువాత స్విచ్చు ఒక మెట్టు తిప్పి వెనుక ఎర్ర దీపాలు వెలిగించింది. పెనుగొండ దాటాక చీకటి చిక్కబడటంతో ఇంకొక మెట్టు తిప్పి పెద్ద లైట్లు వేసింది. అప్పటికి ఆ చేతికి వెతుకులాట లేదు.

ఈ దారిలో వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది రెండే మాటలు. పంటుకు పోటు వేళ ముందే కనుక్కోండి. దారిలో ఎవరైనా చెయ్యెత్తి ఏదైనా చెబితే ముఖం తిప్పుకోకండి. వారు చెప్పింది తప్పే కావచ్చు. మన బ్యాటరీ పోతుందని బస్సు డ్రైవరు నుంచి పాలక్యాన్లాయన దాకా బెంగపెట్టుకునే జిల్లాలు ఎన్ని ఉంటాయి? ఆ మమకారంతో వాదించవచ్చు కానీ విసుక్కోకూడదు.

సిద్ధాంతం వంతెన మీద ఉండగా బాబాయి ఫోన్ చేశారు. పిన్ని రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, మాట్లాడమని నాకు సైగ చేసింది. నేను స్పీకరు పెట్టాను.

"ఎక్కడున్నారు? రావులపాలెం దాకా రానా?"

"వద్దండీ" అంది పిన్ని, కిటికీలోంచి వస్తున్న గోదావరి గాలికి గొంతు పెంచి. "అన్నం వండించి ఉంచండి."

అవతలి నుంచి బాబాయి నెమ్మదిగా, "మరి, ఆ డ్రైవరును రేపు పొద్దున్నే రమ్మన్నాను..." అన్నారు.

"రానివ్వండి పాపం" అంది పిన్ని. "మీ స్కూటరు నడపమందాం."