రెండో మనిషి

నగరానికి నీళ్లిచ్చే ప్రభుత్వ సంస్థలో ఆమె వాల్వు మెకానిక్. చేతిలో ఎప్పుడూ స్పానరు ఉంటుంది కాబట్టి తోటి టెక్నీషియన్లంతా స్పానరమ్మ అనేవాళ్లు. తుప్పు పట్టిన బోల్టుతో సగం పూటైనా ఓపిగ్గా కుస్తీ పట్టేది కానీ, సాగదీసే మాటలంటే మాత్రం ఒళ్లు మండిపోయేది. అలాంటి మనిషిని తీసుకుపోయి చర్చల బల్ల ముందు కూర్చోబెట్టారు.

సంస్థకీ యూనియన్‌కీ ఉన్న పాత ఒప్పందం గడువు తీరిపోయింది. కొత్తదాంట్లో ఏం అడగాలో తేల్చడానికి యూనియన్ సభ పెడితే, వచ్చిన నలుగురూ పని చొక్కా నీలం రంగుదా బూడిద రంగుదా అని కొట్టుకు చచ్చారు. విని విని ఆమె లేచింది.

"ఒంటరిగా వాల్వు గుంతలోకి దిగి ప్రాణం పోతే, ఒంటిమీద ఏ రంగు చొక్కా ఉంటే ఏంటి?"

యూనియన్ అధ్యక్షుడు చప్పట్లు కొట్టి, "చర్చలకు మనిషి దొరికింది" అన్నాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదని ఆమెకు ఆ రోజు తెలిసొచ్చింది.

ఆమె పట్టుబట్టింది ఒక్కదానికే. రోడ్డు కింద వాల్వు గుంతలోకి ఒక మనిషి దిగితే, పైన ఇంకో మనిషి కాపలా ఉండాలి. సంస్థ తరఫున కూర్చునే అధికారి మహా మర్యాదస్తుడు. దేనికీ కాదనడు.

"తప్పకుండానమ్మా. 'వీలైనంతవరకు ఇద్దరిని పంపాలి' అని రాసుకుందాం."

"ఆ వీలైనంతవరకు తీసెయ్యండి సార్."

"అది మర్యాద కోసం ఉండే మాట."

"నాకు మర్యాద వద్దు సార్, మనిషి కావాలి."

ఆయన నవ్వి అందరికీ టీ చెప్పాడు. తర్వాతి సమావేశానికి ఆ మాట పోయింది. దాని స్థానంలో 'సాధ్యమైన మేరకు' వచ్చింది. దాన్ని కొట్టేయిస్తే 'పరిస్థితులను బట్టి' అని ఇంకొకటి తయారైంది. ముందు తలుపు మూస్తే పెరటి తలుపులోంచి వచ్చే చుట్టంలా, ఆ జారుడు మాట ఏదో ఒక వేషంలో వచ్చి కూర్చునేది.

ఆ వేషాలన్నీ కట్టేది ఎవరో కాదు, స్వయానా ఆమె మరిది. సిబ్బంది విభాగంలో గుమాస్తా. పై అధికారి నోటితో అన్నదాన్ని కాగితం మీద పెట్టడం అతని ఉద్యోగం. బల్ల దగ్గర ఆమెను "మేడమ్" అని పిలిచేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "వదినా, ఆ కూర ఇలా జరుపు" అనేవాడు. ఆమె గిన్నె జరిపిన చప్పుడుకి పక్కవాటా వాళ్లు కూడా ఉలిక్కిపడేవాళ్లు. ఆమె భర్త ఇద్దరి మాటకూ తలూపుతూ గబగబా తిని లేచిపోయేవాడు. చివరికి అత్తగారే చట్టం చేసింది. "ఆఫీసు గొడవ ఆఫీసులోనే. కంచాల దగ్గర ఎత్తారంటే ఇద్దరికీ తిండి బంద్."

ఆ చట్టాన్ని మొదట మీరింది మరిదే.

"అది కాదు వదినా, చిటికెలో అయ్యే పనికి ఇద్దరెందుకు? ఒకళ్లు పని చేస్తుంటే ఇంకొకళ్లు పైన గోళ్లు గిల్లుకుంటూ కూర్చోడానికా?"

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. అరవబోయి, ఎందుకో ఆగి, మెల్లగా చెప్పింది.

"పోయిన ఎండాకాలం తలనొప్పని పెందలాడే వచ్చి పడుకున్నాను, గుర్తుందా? అది తలనొప్పి కాదు. గుంతలో గాలి పాడైంది. దిగిన కాసేపటికే కళ్లు తిరిగాయి. నిచ్చెన కనిపిస్తోంది కానీ చెయ్యి లేవట్లేదు. కేకేద్దామంటే పైన ఎవరున్నారు? ఎలా ఎక్కానో నాకే తెలీదు. పైకొచ్చి రోడ్డు మీద కూలబడితే, బండ్లు నా చుట్టూ తిరిగిపోతున్నాయి."

భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అత్తగారు గరిటె కింద పెట్టి చిన్నకొడుకు వైపు తిరిగింది.

"ఆ వీలైనంతవరకు రాసింది నువ్వేనా?"

"వాళ్లు చెప్పిందే నేను రాస్తానమ్మా."

"అయితే వేరేది చెప్పించుకో."

ఇన్నాళ్లూ దాచినందుకు అత్తగారు కోడల్ని కూడా వదల్లేదు. వారం రోజులు పొడిపొడిగానే మాట్లాడింది.

తర్వాతి సమావేశంలో మరిది గొంతు సవరించుకుని, "సార్, ఇద్దర్ని పంపాలి అనే బదులు, రెండో మనిషి వచ్చేదాకా ఎవరూ దిగకూడదు అని రాస్తే? కొత్తవాళ్లను తీసుకుంటామని మనం మాటిచ్చినట్టు ఉండదు" అన్నాడు. మాటివ్వనక్కర్లేదు అనేసరికి అధికారి మొహం విప్పారింది. "పని ఆలస్యమైతే నెపం మా మీదకు రాకూడదని కూడా రాయండి" అంది ఆమె. రాశారు. యూనియన్ అధ్యక్షుడు మాత్రం బయటికొచ్చి, "కొండను తవ్వి ఎలుకను పట్టాం. మనుషుల్ని ఇవ్వమంటే మాటలిచ్చారు" అని సణిగాడు. అందులో నిజం లేకపోలేదు. అది తెలిసే ఆమెకు ఇంకా చిరాకెత్తింది.

ఇక ఒప్పందానికి సభ్యుల ఓట్లు కావాలి. ఓటింగు రోజు ఒక్కడు కదిలితే ఒట్టు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఇంటికి పోదామనుకుంది. పోలేక, పంపుహౌసు నుంచి పంపుహౌసుకు తిరిగి ఒక్కొక్కరినీ బతిమాలింది, తిట్టింది. "చొక్కా రంగు సంగతేం తేల్చారు?" అని అడిగినవాణ్ణి చెయ్యి పట్టుకుని ఓట్ల పెట్టె దగ్గరికి లాక్కుపోయింది. బొటాబొటి మెజారిటీతో ఒప్పందం గట్టెక్కింది.

అమల్లోకి వచ్చిన కొన్నాళ్లకే బజారు వీధిలో వాల్వు మొరాయించింది. ఆమె మూత తీసి, గుంత పక్కనే కూర్చుంది. రెండో మనిషి లేడు. నీళ్లు రాని ఇళ్లవాళ్లు బిందెలతో వచ్చి శాపనార్థాలు పెట్టారు. ఆమె కదల్లేదు. ఫోన్ల మీద ఫోన్లు వెళ్లాక, ఎవరూ దొరక్క, సూపర్‌వైజరే ఆయాసపడుతూ వచ్చాడు. ఎండలో గుంత అంచున చతికిలబడి, ఈ ఒప్పందాన్నీ, రాసినవాళ్లనీ, సంతకాలు పెట్టినవాళ్లనీ ఏకధాటిగా తిట్టిపోశాడు.

"ఇంకెంతసేపమ్మా?" అని లోపలికి వంగి అరిచాడు.

కింద చీకట్లో స్పానరు బిగిస్తూ ఆమె గట్టిగా అంది: "మీరు తిడుతూనే ఉండండి సార్. ఉన్నారని నాకు తెలుస్తుంటుంది."