ఎల్లారెడ్డి బంగారు కస్టమరు

ఆ రోజుల్లో కంప్యూటర్ తెర మీద ఏ రంగు గీత పైకి లేచినా నాకది లోకానికంతా శుభవార్తే అనిపించేది. హైదరాబాద్‌లో డేటా కోర్సు చేసి, కామారెడ్డిలో ఓ బట్టల దుకాణంలో చేరాను (కొన్నాళ్లు పని చూసి ఖాయం చేస్తామన్నారు, అమ్మ అప్పటికే ఖాయమైందని వాడకట్టంతా చెప్పేసింది). మా సేటుకు ఎల్లారెడ్డిలో ఇంకో దుకాణం ఉండేది. దాన్ని ఆయన బామ్మర్ది చూసుకునేవాడు. "బిడ్డా, గా దుకాణం ఉంచాల్నా, మూయాల్నా? నీ డేటాల చూసి చెప్పు" అన్నాడు సేటు.

బిల్లులన్నీ జల్లెడ పట్టాను. దొరికింది! ఎల్లారెడ్డిలో సగం సరుకు ఒకే ఫోన్ నంబరు మీద అమ్ముడవుతోంది. పొద్దున పెళ్లి చీరలు, మధ్యాహ్నం నైటీలు, సాయంత్రం లుంగీలు. (అది ఇల్లా, సంతా అన్న అనుమానం నాకు రానే లేదు.) ఆ నంబరుకు 'బంగారు కస్టమరు' అని పేరు పెట్టి, చుట్టూ పసుపు వృత్తం గీసి, "దుకాణం మూయొద్దు సేట్. ఈ ఒక్క గిరాకీ చాలు. శాలువా కప్పి ఫొటో పెడదాం" అన్నాను.

సేటు మురిసిపోయాడు. "గింత మంచి గిరాకీని నేనెన్నడు పలకరియ్యనే లేదు" అంటూ, నేను అంకెలు చదువుతుంటే తన ఫోన్లో నంబరు కొట్టి స్పీకరు పెట్టాడు. ఫోన్ తెర మీద 'ఇంటామె' అని పడింది.

"ఏంది, ఇంకా బువ్వకు రాలే?" అంది సేటమ్మ.

సంగతేమిటంటే, కొన్నవాళ్ల నంబరు కొట్టందే బిల్లు యంత్రం కదలదు; కొట్టిన నంబరుకు పాయింట్లు పడతాయి, వాటితో దుకాణంలో ఊరికే సరుకు తీసుకోవచ్చు. లోన్ల ఫోన్లు వస్తాయని జనం నంబరు చెప్పరు. బామ్మర్దికి కంఠతా వచ్చింది అక్క నంబరొక్కటే. "మా తమ్ముడు నాకు చెప్పే కొడ్తుండు. గా పాయింట్ల మీదనే గదా మొన్న మీ అక్కకు పట్టుచీర పెట్టిన!" అంది ఆమె నిబ్బరంగా. ఆ చీర చూసి, తన పెండ్లాం చెయ్యి పెద్దదని చుట్టాలందరికీ చెప్పుకున్న సేటు ముఖం అప్పుడు చూడాలి.

దుకాణం మూసే మాట మళ్లీ రాలేదు. మూస్తే ఇంట్లో ఏమైతదో చెప్పడానికి ఆయనకు డేటా అక్కర్లేదు. "గీ ముచ్చట బయట పడొద్దు బిడ్డా" అని ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఖాయం చేశాడు. తెలివి చూసి కాదు, నోరు మూయించడానికి. అమ్మకు మాత్రం తెలివి చూసే అని చెప్పాను.

ఇప్పుడు ఏ అంకె మరీ మెరిసినా, అది ఎవరి చేతి మీదుగా వచ్చిందో అడిగి గానీ నమ్మను. పేరూ వచ్చింది, జీతమూ పెరిగింది. కానీ పసుపు వృత్తం గీసి ఎగిరి గంతేసిన ఆ పిల్ల సంబరం మాత్రం, ఏ నిజం దొరికినా నాకు మళ్లీ కలగలేదు.