చాచా పేనిన వింటినారి

మొన్న శుక్రవారం నమాజు వేళకు మా పక్క క్వార్టరు చాచా కన్నుమూశారు. నాకంటే పెద్దవారు, నేను భాయ్ అనేవాణ్ణి. చాచా అన్నది మా బిడ్డ పిలుపు. అదే మా లైనందరికీ అలవాటైంది. ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను గాని, ఆయన్ని తలుచుకుంటే నవ్వే ముందొస్తోంది, ఏం చెయ్యను! పైగా మా ఇంట్లో పట్టరాని సంతోషం. విలువిద్య నేర్పే స్పోర్ట్స్ హాస్టల్లో మా బిడ్డకు సీటొచ్చింది. ఆ సంతోషంలో సగం చాచాదే. కాదు కాదు, సగం కంటే ఎక్కువే.

గోదావరిఖనిలో భూమి లోపలి బొగ్గుబాయిలో చాచా పనిచేశారు. బొగ్గు టబ్బులను లాగే ఉక్కుతాడును కనిపెట్టుకుని ఉండడం ఆయన డ్యూటీ. నేనూ ఆ బాయిలోనే చేసి రిటైరయ్యాను.

ఒకరోజు ఆటల పోటీల్లో ఎవరో బాణాలు వేయడం చూసొచ్చి, మా బిడ్డ అన్నం ముట్టకుండా ఏడుస్తూ కూర్చుంది. కొనివ్వడం నా వల్ల కాదని దానికీ తెలుసు. గోడ అవతలి నుంచి చాచా గొంతు వినిపించింది.

"ఏడుస్తున్నవేంది బేటీ? ఏం కావాలె?"

"విల్లు, చాచా."

"గంతేనా! ఫిరంగి తోపు అడుగుతవేమో అని పరేషాన్ అయిన."

ఆ సాయంత్రమే మూలన పడి ఉన్న పాత ప్లాస్టిక్ నీళ్ల పైపు బయటికొచ్చింది. చాచా దాన్ని కుంపటి సెగకు కాచి, మెత్తబడగానే రెండు చెక్కల మధ్య పెట్టి అణిచారు. నడుమ మాత్రం పిడికిలికి గుండ్రంగా వదిలారు. విల్లు చక్కగా కుదిరింది. నారి దగ్గరే తప్పు జరిగింది. బాయి మనిషికి తాడంటే ఉక్కుతాడే కదా! చాచా సన్నటి ఉక్కుతీగ బిగించారు. నేనూ "శభాష్ భాయ్" అన్నాను. గుంజి వదిలారో లేదో, ఠప్పున పైపు కొస చీలిపోయింది. మా ఆవిడ గరిటె పట్టుకుని ఉరికొచ్చింది.

"ఓపెన్‌కాస్టు బొగ్గుబాయిల సాలదని ఇంట్ల గూడ బ్లాస్టింగ్ పెట్టిన్రా అన్నా?"

"పైపే పోయింది చెల్లే, మీ ఆయన పదిలం!"

తర్వాత చీలిన కొసను వేలితో తడుముతూ బిడ్డకు చెప్పారు. "తీగ జర్రంత గూడ సాగది బేటీ. దెబ్బంత పైపు మీదనే పడ్డది. తప్పు నాదే."

మర్నాడు గోదావరి ఒడ్డున చేపలు పట్టేవాళ్ల దగ్గర వల అల్లే నైలాన్ దారం తెచ్చారు. పోగుకు పోగు కలిపి నారి పేనారు. బాణాలకు వెదురు తడిక పుల్లలు, వాటి రెక్కలకు పాలపాకెట్ల ముక్కలు, గురికి కొబ్బరిపీచు కుక్కిన గోనెసంచి. మనిషున్న దిక్కుకు ఉత్త విల్లు కూడా ఎత్తనిచ్చేవారు కాదు.

ఇంకో పట్టుదల ఉండేది. బాయిలో తాడంతా చూసుకున్నాకే షిఫ్టు నడుస్తుంది. అలాగే ప్రతి బాణానికి ముందు బిడ్డ నారి మీద వేళ్లు నడపాలి.

"పొద్దుగాలనే చూసిన గద చాచా!"

"పొద్దుగాల అన్నం తిన్నవ్ గద, మల్ల ఇప్పుడెందుకు తింటున్నవ్?"

ఈ ఎండాకాలం సెలక్షన్లకు నేనే తీసుకుపోయాను. అక్కడ వెదురు విల్లులు వాళ్లే ఇచ్చారు. బిడ్డ వంతు వచ్చింది. నారి మీద వేళ్లు నడిపి, మధ్యలో ఆగిపోయింది.

"సార్, లోపల పోగు తెగింది."

వెనుక ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారు. "జల్ది ఎయ్యరాదూ!" అంది ఒకతి. వంతు పోతుందేమోనని నేనూ "ఎయ్యి బిడ్డా" అనబోయాను. దానికి ఉన్నది ఈ ఒక్క అవకాశమే మరి! సారు వచ్చి తానూ తడిమి చూసి, నారి మార్పించారు.

"ఎవరు నేర్పిన్రమ్మా?"

"మా చాచా సార్. బాయిల తాడు చూసెటాయన."

తర్వాత ఏసింది చూడండి, ఒక్క బాణమైనా నడుమ వదిలి పక్కకు పోతే ఒట్టు!

సీటొచ్చిందని తెలిసేసరికి చాచా మంచం పట్టి ఉన్నారు, ఊపిరి అందడం లేదు. బిడ్డ ఉరికిపోయి చెవిలో చెప్పింది. ఆయన కళ్లు తెరిచి, "మిఠాయేది? ఉత్త ముచ్చటనే తెచ్చినవా?" అన్నారు. జిలేబి తెస్తే ఒక్క ముక్క కూడా మిగల్చలేదు. నవ్వుతూ దగ్గారు, దగ్గుతూ నవ్వారు.

రేపు బిడ్డ హాస్టలుకు పోతుంది. నిన్న పొద్దున చాచీ గోడ మీది నుంచి ఒక పెద్ద కవరు అందించింది. లోపల చాచా ఛాతీ ఎక్స్‌రే.

"ఇగ దవాఖానల చూపెట్టేది లేదు. పాలపాకెట్ రెక్కలు ఎండకు ముడుసుకపోతున్నయ్ గద, దీంతోని కొయ్యి బిడ్డా."

బిడ్డ కత్తెర పట్టుకుని నిలబడిపోయింది.

"కొయ్యి. మంచంల పండి పండి యాష్టకొచ్చిండు మీ చాచా. జర ఎగరనీ!"

ముగ్గురం ఏడ్చాం, ముగ్గురం నవ్వాం. రెక్కలు అతికించి బిడ్డ గురి చూసి వదిలింది. బాణం పోయి గోనెసంచి నడుమ దిగింది. ఆ నల్లటి రెక్కలో నుంచి పొద్దుటి ఎండ పడి, చాచా పక్కటెముకలు తెల్లగా, సన్నగా కనిపించాయి. కాసేపు వణికి, నెమ్మదిగా నిలిచాయి.