నేల మీదే బిగించారా?

మా మేస్త్రీ గారు పోయారు. మంగళవారం పొద్దున నేను కాలేజీ బస్సులో ఉండగా నాన్న ఫోను చేసి ఆ ఒక్క మాట చెప్పాడు. ఇద్దరం చాలాసేపు అలాగే ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉండిపోయాం. నాన్న ఎందుకు మాట్లాడలేకపోతున్నాడో నాకు తెలుసు. నేనెందుకు మాట్లాడలేదో నాన్నకీ తెలుసు. చెప్పాల్సిన మనిషికి చెప్పే వీలు ఇక లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

తిరువూరులో మా వీధి చివరి రేకుల షెడ్డు ఆయనది. దాని వెనకే ఇల్లు. షెడ్డుకి బోర్డు లేదు. కార్ల అడుగు భాగం ఒక్కటే ఆయన పని: చక్రాలు, షాకబ్జర్లు, చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే ఆర్ములు. ఇంజను బాగుచెయ్యమని ఎవరైనా వస్తే వేరే చోటికి పంపేసేవారు. "నాకు నడక తెలుసు. గుండె సంగతి వాళ్ళు చూసుకుంటారు" అనేవారు.

బండి రాగానే స్పానరు పట్టేవారు కాదు. టైరు ముందు గొంతుక్కూర్చుని అరచేత్తో నిమిరేవారు, ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి. గుంటలు గుంటలుగా తగిలితే షాకబ్జరు పోయినట్టు. ఒకవైపు నున్నగా, తిరుగు చేతికి గరుకుగా తగిలితే చక్రం పక్క చూపులు చూస్తూ నడుస్తున్నట్టు. "టైరుకి బొంకడం రాదమ్మాయ్. ఓనర్లకే వచ్చు" అని నవ్వేవారు. పత్తి వ్యాపారి ఒకాయన విసుగొచ్చి, "ఎందుకొచ్చిన గొడవ, అన్నీ మార్చెయ్ మేస్త్రీ" అంటే ఒప్పుకోలేదు. "అన్నీ మారిస్తే ఏది పోయిందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. కొత్త పార్టుల చాటున పాత రోగం దాక్కుంటుంది" అన్నారు. ఆ వ్యాపారి ఇంకో మెకానిక్కు దగ్గరికి పోయాడు. మేస్త్రీ గారు చేతులు కడుక్కుని మజ్జిగ తాగారు.

పోయినేడు వానల్లో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మిగిలింది, కాస్త ముద్దగా. షెడ్డు మూతపడింది, మంచం వీధిగదిలోకి వచ్చింది. అదే రోజుల్లో మా కారు ఎడమకి లాగడం మొదలుపెట్టింది. ఆ పక్క ముందు టైరు లోపలి అంచు అరిగిపోతోంది. ఆయన కిటికీలోంచి నన్ను పిలిచి, "నువ్వెళ్ళి తడిమి వచ్చి చెప్పు" అన్నారు.

వెళ్ళి వచ్చాను. "బాగా అరిగింది మేస్త్రీ గారూ."

"బాగా అంటే? అన్నం బాగా తిన్నట్టా, జ్వరం బాగా వచ్చినట్టా? ఆ మాట తీసేసి చెప్పు."

మళ్ళీ వెళ్ళాను. కళ్ళు మూసుకుని తడిమాను. "లోపలి అంచు రెండు వేళ్ళ మేర నున్నగా ఉంది. దాని పక్కన, చెయ్యి బయటికి లాగితే ఏమీ లేదు. లోపలికి తోస్తే మాత్రం పిల్లి నాలుకలా తగులుతోంది."

ఆయన మొహం ఒకవైపు మాత్రమే నవ్వింది. "అదీ మాట! నా చేత్తో నేనే చూసినట్టుంది." వంటింట్లో ఉన్న భార్యని కేకేశారు. "ఏమోయ్, విన్నావా? పిల్లి నాలుకంట!"

"విన్నాలెండి. టైరుకి పాలు పొయ్యమంటారా?" అన్నారు మామ్మగారు లోపలినుంచే.

ఆ రోజు నుంచి నేను ఏం రాసినా ముందు 'బాగా' అన్న మాట కొట్టేస్తున్నాను. కాలేజీలో ఎవరూ నేర్పని సంగతి అది.

ఆయన అప్పుడే తేల్చేశారు. కింది ఆర్ముల్లో ఉండే రబ్బరు బుష్షులు పోయాయి, రెండు ఆర్ములూ మారిస్తే బండి తిన్నగా పోతుంది. నాన్నని దగ్గరికి పిలిచి ఒక్క జాగ్రత్త చెప్పారు. "అబ్బాయ్, ఆ బోల్టులు జాకీ మీద గట్టిగా బిగించమాక. నాలుగు చక్రాలూ నేలకి ఆనాలి, బండి బరువు పడాలి, అప్పుడే చివరి బిగింపు. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడిపోద్ది. కిందకి దించినా ఆ మెలి పోదు. రెండు మూడు నెలల్లో చిరిగిద్ది."

ట్రాక్టరు పని సొంతంగా చేసుకునే ధీమా నాన్నది. విజయవాడ నుంచి ఆర్ములు తెచ్చి శుక్రవారం పొద్దున మా వాకిట్లోనే పని మొదలుపెట్టాడు. పది దాటేసరికి నాయనమ్మ నిమ్మకాయలు పట్టుకుని నిలబడింది. "పదిన్నరకి రాహుకాలంరా! ఈలోపు దించి వీటిని తొక్కించు!" బండి దించేస్తే కింద మిగిలే సందులో స్పానరు తిరగదు. నేల మీద బిగించాలంటే, మనిషి కిందికి దిగి పనిచేసే గుంట ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళాలి. అంత టైము లేదు.

"నేల మీద బిగించమన్నారు కదా నాన్నా" అన్నాను.

"బోల్టు బోల్టేనే. ఎక్కడ బిగిస్తే ఏంటి?" అని, బండి జాకీ మీద ఉండగానే బలమంతా పెట్టి బిగించేశాడు. పదీ ఇరవై ఎనిమిదికి నిమ్మకాయలు చితికాయి. నాయనమ్మ దణ్ణం పెట్టుకుంది.

నెల రోజులు బండి తిన్నగానే నడిచింది. రెండో నెలలో బండి మళ్ళీ ఎడమకి లాగింది. ఆర్ములతో పాటు వేసిన కొత్త టైరూ లోపలే అరగసాగింది. రెండుసార్లు చక్రాల ఎలైన్‌మెంట్ చేయించాం, ప్రయోజనం లేకపోయింది. మేస్త్రీ గారి దగ్గరికి వెళితే ఆయన నా చేత టైరు తడిమించి, నేను చెప్పింది విని కళ్ళు మూసుకున్నారు.

"నేల మీదే బిగించారా?"

"ఆఁ, నేల మీదే మేస్త్రీ గారూ" అన్నాడు నాన్న. మంచాన ఉన్న మనిషితో, మీ మాట ఖాతరు చెయ్యలేదండీ అని చెప్పడానికి మనసొప్పలేదట. తరవాత నాతో అన్నాడు.

మేస్త్రీ గారు నావైపు చూశారు. నేను తలూపాను.

"మరైతే నా లెక్కే తప్పింది" అన్నారు ఆయన.

జీవితంలో మొదటిసారి ఆయన టైరు మాట కాదని మనిషి మాట నమ్మారు. ఆ తరవాత రోజూ కబురే. చక్రాల పక్కన దారం లాగి కొలిచి చెప్పమనేవారు. ఖాళీ రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు ఎటు లాగుతోందో చూడమనేవారు. క్యాలెండరు వెనక ఎడమ చేత్తో వంకర టింకరగా చక్రాలు గీసి వాటికేసి చూస్తూ ఉండేవారు. "నిద్దర్లోనూ మీ బండేనే తల్లీ. ఎక్కడ తప్పానో అంటున్నారు" అని మామ్మగారు చెప్పారు. గాల్లో బిగించడమే కారణమని నాకు అప్పటికి అనుమానం రాకపోలేదు. కానీ నిజం చెబితే నాన్న అబద్ధం బయటపడుతుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను.

ఆయనకి రెండోసారి పక్షవాతం వచ్చి ఆ మిగిలిన మాటా పోయింది. చూడ్డానికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. 'గాల్లోనే బిగించాం మేస్త్రీ గారూ.' ఈ నాలుగు మాటలే కదా. ఎన్ని మాటలు ఏరుకుని నోట్సులో రాసుకుంటాను! ఆ నాలుగూ చెప్పలేదు. ఆయన నన్ను చూసి ఎడమ అరచెయ్యి దుప్పటి మీద ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి రాశారు. టైరు గురించే అడుగుతున్నారు. నేను ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అంతే. నాలుగు రోజులకి పోయారు.

పెద్దకర్మ అయ్యాక నాన్న బండి విజయవాడ తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. అక్కడి మెకానిక్కు గుంటలోంచి తల పైకెత్తి, "బుష్షులు చిరిగిపోయాయి సార్. జాకీ మీద బిగించారా ఏంటి?" అన్నాడు. చూడగానే చెప్పేశాడు. అతను కొత్తవి వేసి, బండి నేల మీద నిలబెట్టి, గుంటలోంచి బిగించాడు. తిరుగు దారిలో ఖాళీ రోడ్డు చూసి నాన్న స్టీరింగు మీంచి చేతులు తీశాడు. బండి ఎటూ లాగలేదు, తిన్నగా పోయింది. నాన్నకి మాత్రం సంతోషం రాలేదు.

ఇంటికి పోకుండా మామ్మగారి దగ్గర ఆగాం. వీధిగదిలో మంచం తీసేశారు. నాన్న నిలబడే చెప్పాడు. "పిన్నిగారూ, మేస్త్రీ గారి లెక్క తప్పలేదండీ. తప్పు నాది. గాల్లో బిగించి, నేల మీద బిగించానని ఆయనకి అబద్ధం చెప్పాను."

"నాక్కూడా తెలుసు మామ్మగారూ" అన్నాను.

ఆవిడ కోప్పడితే బాగుండేది. గోడకేసి చూసి, "నాతో చెప్తే ఏం లాభం నాయనా? నాకు బోల్టుకీ నట్టుకీ తేడా తెలీదు" అన్నారు. తరవాత, "ఇప్పుడు తిన్నగా పోతోందా?" అని అడిగారు.

"పోతోందండీ."

వచ్చి కారెక్కాం. కొంత దూరం పోయాక అద్దంలో చూశాను. నెల తిరిగేదాకా గడప దాటకూడని మనిషి, నడిరోడ్డు మీదకి వచ్చి నిలబడ్డారు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కొంచెం ముందుకి వంగి మా చక్రాల వైపే చూస్తున్నారు. ఆవిడ వెనక బస్సు హారన్ కొడుతోంది. ఆవిడ పక్కకి జరగలేదు.