దొంగ మెయిలుకు నేను రాసిన జవాబు

ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ ఆకాశరామన్న ఉత్తరాలంటే నాకు అసహ్యం. పేరు పెట్టుకునే ధైర్యం లేనివాళ్ళకు ఫిర్యాదు చేసే హక్కెక్కడిదని చించి బుట్టలో పడేసేదాన్ని. ఇప్పుడు నేనే ఒకటి రాస్తున్నాను. పేరు రాయను. ఫిర్యాదు మాత్రం నా మీదే. ఏళ్ళుగా దీన్ని మోస్తున్నాను. మోస్తూనే ఊరందరి తప్పులూ పట్టాను, నలుగురికీ జాగ్రత్తలు చెప్పాను, నోటీసులు అంటించాను. బరువు ఒక్క పిసరు తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా సంగతి. ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. నాంపల్లి స్టేషన్ వెనక ఒక అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉంటాను. ఫిర్యాదులు రాస్తాను. నీళ్ళు రాకపోతే రాస్తాను, చెత్త బండి రాకపోతే రాస్తాను, రాసినదానికి జవాబు రాకపోతే దాని మీద ఇంకొకటి రాస్తాను. ఏ ఉత్తరం రాసినా చివర ‘ప్రతులు’ అని పెట్టి, సంబంధం ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ తలా ఒక నకలు పంపడం ఆఫీసు నాకు నేర్పిన పద్ధతి. నలుగురూ చూస్తున్నారంటేనే ఎదుటివాడికి భయం. మెయిళ్ళు వచ్చాక కార్బన్ కాగితం ఖర్చు కూడా లేకుండా పోయింది.

మా అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీని కూడా నేనే. ఎవరూ ఎన్నుకోలేదు. ఇంకెవరికీ తీరిక లేక నాకు వదిలేశారు. నేను పంపే మెయిళ్ళు ఎవరూ చదవరని అప్పటికే నాకు అనుమానం.

మూడో అంతస్తులో శకుంతల ఉండేది. ఇప్పటికీ ఉంది. పాతతరం హైదరాబాదు కుటుంబం వాళ్ళది. భర్త పోయాక అబిడ్స్‌లో ఒక సందులో మ్యాచింగ్ సెంటర్ ఒంటిచేత్తో నడుపుకునేది. మనం చీర తీసుకెళ్తే దానికి కలిసే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్ వెతికి ఇచ్చే చిన్న కొట్టు. నా మీద ఆమెకు ద్వేషమేమీ లేదు. నాకే ఆమె మీద ఉంది. ఒకసారి నీళ్ళ మోటారు చెడిపోయినప్పుడు మీటింగు పెట్టాను. నేను ఫిర్యాదు చదువుతుంటే ఆమె పక్కావిడతో అంది, “మా అక్క మోటార్‌కు గూడ నోటీస్ ఇస్తది, చూడు. పది దినాలల్ల జవాబు ఇయ్యకుంటే కోర్టుకు గుంజుతది.” అందరూ నవ్వారు. ఎదురు ఫ్లాటు ముసలాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు ఆమె ఏ రంగు చీర కట్టుకుందో ఇవాళ అడిగినా చెప్పగలను. ఆమె ఆ సాయంత్రానికే మరచిపోయి ఉంటుంది. మరచిపోయేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. గాయం చేసి మరచిపోవడం ఎంత సుఖం!

ఇక మెయిలు సంగతి.

ఒక ఉదయం నాకు బ్యాంకు పేరుతో ఒక మెయిలు వచ్చింది. ఖాతా స్తంభించిపోతుందట, సాయంత్రంలోగా కార్డు నంబరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు నింపాలట, నీలం రంగు అక్షరాల మీద నొక్కాలట. చదివి నవ్వుకున్నాను. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసినదాన్ని. నాకు ఖాతా ఉన్న బ్యాంకుకు నా పేరు తెలియదా, ‘ప్రియమైన ఖాతాదారుడా’ అని పిలవడానికి? పంపినవాడి చిరునామా చూస్తే బ్యాంకు పేరు తర్వాత ఏవో అంకెలు, ఏదో పరదేశం తోక. ఏ బ్యాంకూ కార్డు వివరాలు మెయిల్లో అడగదు. గడువు పెట్టి భయపెట్టదు. ఇదంతా చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయం. దొంగతనమైనా శుభ్రంగా చేయడం రాని వెధవలు.

అప్పుడు చేయవలసింది ఏమిటి? ఏమీ చేయకపోవడం. ఆ నీలం అక్షరాలు ముట్టుకోకుండా, జవాబు రాయకుండా, బ్యాంకుకు తెలియజేసి దాన్ని తుడిచేయడం. అదీ నాకు తెలుసు. కానీ జవాబు రాయకుండా ఉండటం నా వల్ల అయ్యే పనేనా? నాకు తప్పు కనిపించింది. తప్పు కనిపిస్తే నేను రాస్తాను.

పేజీన్నర రాశాను. వాళ్ళ అచ్చుతప్పులు వరసగా ఎత్తి చూపాను. ‘మా భవనంలోని కుటుంబాలన్నింటికీ అబిడ్స్ శాఖలోనే ఖాతాలున్నాయి, అక్కడి మేనేజరు ఫలానా వారు నాకు స్వయంగా తెలుసు, సోమవారం సంఘం తరఫున వారికి ఫిర్యాదు అందజేస్తాను’ అని హెచ్చరించాను. కింద నా పేరు, హోదా, అపార్ట్‌మెంటు పేరు. ఆ కింద, అలవాటు ప్రకారం, ప్రతులు: భవనంలో ఉన్న ప్రతి ఒక్కరికీ. దొంగను నేనెలా పట్టానో అందరూ చూడాలి కదా!

అర్థమైందా మీకు? నాకు అప్పుడు అర్థం కాలేదు. వాడు గుడ్డిగా వల విసిరితే, ఏ చేప ఎక్కడుందో పేరు పేరునా రాసి సంతకం పెట్టి పంపాను. ఎవరి మెయిలు ఏది, బ్యాంకు ఏది, శాఖ ఏది, మేనేజరు ఎవరు, ఎవరి పేరు చెబితే నమ్ముతారు. అంతా నేనే ఇచ్చాను.

వారం తిరక్కుండా శకుంతల నా తలుపు తట్టింది. చేతిలో ఫోను.

“అక్కా, జర గిది చూస్తవా? బ్యాంకోళ్ళు పంపిన్రు. నీ పేరు గూడ రాసిన్రు.”

తీసుకుని చదివాను. ఈసారి ‘ప్రియమైన ఖాతాదారుడా’ లేదు, శకుంతల పేరే ఉంది. అబిడ్స్ శాఖ ఉంది. కింద మేనేజరు పేరు. ‘మీ సంఘం సెక్రటరీ గారు ఇచ్చిన ఫిర్యాదు మేరకు, మీ భవనంలోని ఖాతాలను మోసగాళ్ళ నుంచి కాపాడేందుకు వివరాలు సరిచూస్తున్నాము.’ సెక్రటరీ పక్కన నా పేరు. నా వాక్యాలే. నా వాక్యాల్నే ఉతికి ఆరేసి తిరిగి పంపారు. చిరునామాకు అదే పరదేశం తోక. ఇది దొంగదని చెప్పేయాలనే అనుకున్నాను. ఈ మాట నమ్మండి, నమ్మకపోయినా ఫరవాలేదు.

అప్పుడు నా వేలు తగిలి ఆ మెయిలు మూసుకుంది. ఆమెకు వచ్చిన మెయిళ్ళన్నీ కనిపించాయి. పైన దొంగది, తెరిచి చదివినది. దాని కిందే నాది, నేను పంపిన నకలు. నల్లటి లావు అక్షరాల్లో, తెరవకుండా. దాని కింద ఇంకొకటి నాది. అదీ తెరవలేదు. దొంగ రాసింది చదివింది. నేను రాసింది చదవలేదు.

“నిజమేనా అక్కా? నాకైతే ఏం సమజైతలేదు. ఇయ్యాల్నే చెయ్యకుంటే ఖాతా బంద్ చేస్తరట. దుకాణం అడ్వాన్స్ అంతా అండ్లనే ఉంది. రేపు ఓనర్ సేటుకు ఇయ్యకుంటే దుకాణం వేరేటోళ్ళకు ఇచ్చేస్త అంటుండు.”

“నాకెందుకు చూపిస్తున్నావు? నీకొచ్చిన మెయిలు కదా.”

“నువ్వు ఆఫీసుల చేసినదానివి, నీకు గివన్నీ ఎరుకే గదా. గీడ కింద నంబర్ ఇచ్చిన్రు. ఫోన్ చేసి అడగాల్నా?”

“అడుగు. బ్యాంకును అడిగితే మంచిదే కదా.”

“గంతే అంటవా?”

“అంతే.”

“నీ పేరు జూసినంక జర ధైర్యమొచ్చిందక్కా. లేకుంటే ముట్టకపోదును.”

తలుపు వేశాను. పొయ్యి మీద కుక్కరు పెట్టాను. ఆమె మెట్లెక్కాలి, కళ్ళజోడు వెతుక్కోవాలి, తెలియని నంబరు ఒక్కో అంకె నొక్కాలి. వెనక్కి పిలవడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. ‘ఆ నంబరు వద్దు, పాసుపుస్తకం మీదున్న నంబరుకు చెయ్యి, కార్డు వెనకున్నదానికి చెయ్యి, అసలు ఫోనెందుకు, బ్యాంకు నీ కొట్టుకు పోయే దారిలోనే ఉంది’ అనడానికి ఎంతసేపు పడుతుంది? పప్పు కడిగాను. రెండోసారి కూడా కడిగాను.

ఫోనెత్తినవాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడట. అమ్మా అన్నాడట. సెక్రటరీ మేడం ఎలా ఉన్నారని అడిగాడట. కార్డు నంబరు చెప్పింది, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పింది, ఇంకోటి వస్తే అదీ చెప్పింది. ఖాతా ఊడ్చుకుపోయింది. అడ్వాన్స్ కట్టలేకపోయింది, కొట్టు పోయింది. గోడ నిండా రంగుల వారీగా పేర్చుకున్న గుడ్డలన్నీ మూటలు కట్టి, వచ్చిన ధరకు అమ్మేసింది. ఇప్పుడు కోఠీలో ఇంకొకరి కొట్టులో జీతానికి నిలబడి లైనింగు కొలుస్తోంది.

ఇంకా ఉంది. వినండి.

పోలీసులకూ బ్యాంకుకూ ఆమె తరఫున ఫిర్యాదు రాసింది నేనే. నా జీవితంలో అంత మంచి ఫిర్యాదు రాయలేదు. “మేనేజర్ పేరు వాళ్ళకెట్ల ఎరుకైంది, మేడం?” అని పోలీసాయన అడిగాడు. బ్యాంకు లోపలివాళ్ళ హస్తం ఉండాలన్నాను. అదే రాశాను కూడా. శకుంతల తలూపింది. ఓటీపీ తనే చెప్పింది కనుక తమ బాధ్యత లేదని బ్యాంకు రాసిపడేసింది. నేను వాళ్ళను నానా తిట్లూ తిట్టాను. తిడుతుంటే ఎంత హాయిగా ఉండేదో! ఆ నెల మీటింగులో దొంగ మెయిళ్ళ గురించి అరగంట మాట్లాడాను. జవాబివ్వకండి, అందులోని నంబర్లకు ఫోన్ చేయకండి, పోయిందని తెలిసిన వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి అన్నాను. మొదటిసారి నాకు చప్పట్లు కొట్టారు. లిఫ్టు పక్కన నోటీసు అంటించాను. నా అంత సిగ్గులేని మనిషిని నేనింతవరకు చూడలేదు.

నా జవాబును నా మెయిలు డబ్బాలోంచి తుడిచేశాను. కానీ నకళ్ళు? భవనంలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒకటి ఉంది. ఎవరైనా తెరిచి చూస్తే చాలు, అంతా బయటపడేది. చాలా రోజులు లిఫ్టులో ఎవరైనా నా వైపు చూస్తే వచ్చిన అంతస్తులోనే దిగిపోయేదాన్ని. ఎవరూ తెరవలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా. నన్ను కాపాడింది నేను పడ్డ అవమానమే. వాళ్ళ నిర్లక్ష్యానికి కృతజ్ఞత చెప్పుకోవాలా, తిట్టుకోవాలా? ఇప్పటికీ రెండూ చేస్తున్నాను.

నేను చెప్పింది తప్పు సలహా కాదు అని కొన్నేళ్ళు నాకు నేనే వాదించుకున్నాను. బ్యాంకును అడగమన్నాను, అంతే కదా? ఏ విచారణ సంఘం ముందు పెట్టినా నెగ్గే వాక్యం. అలాంటి వాక్యాలు తయారుచేయడమే కదా నా ఉద్యోగం.

శకుంతల ఇప్పటికీ ఏ మెసేజ్ వచ్చినా నాకే చూపిస్తుంది. నేను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ప్రతి అక్షరం చూసి, దొంగది, ముట్టుకోకు అంటాను. మొన్న అలాగే చూసి ఇస్తే, ఫోను సంచిలో వేసుకుంటూ అంది, “గా రోజు గూడ నువ్వు బ్యాంకునే అడుగుమన్నవ్ అక్కా. నేనే ఆగం జేసుకున్న. నీ మాట సక్కగ ఇన్లేదు.”

విన్నది. సరిగ్గానే విన్నది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగింది. చెబితే ఎందుకని అడుగుతుంది. నీ కొట్టు పోయింది నువ్వు నా మెయిలు చదవనందుకు అని ఏ మొహంతో చెప్పను? దానికంటే పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండునని వెతికాను. లేదు. నేను అంత చిన్న మనిషిని.

మీరు క్షమిస్తారని రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు, ఆమె. ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. రేపూ ఉండదేమో. కానీ ఒక్క వాక్యాన్ని ఇన్నేళ్ళూ ఎవరి ముందూ, నా ముందు కూడా, పూర్తిగా రాయలేదు. ఆ నంబరు దొంగలదని నాకు తెలుసు, తెలిసే ఆమెను ఫోన్ చెయ్యమన్నాను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి ఏమీ లేదు.